ఏరుకున్న కుట్లు, ఏరుకొచ్చిన పిల్లి

రాత్రి తొమ్మిదిన్నరకి నేను ఊలు డబ్బా మూత తీస్తాను. ఆ చప్పుడు వినగానే మా కుక్క భీముడు పరుపు మీంచి లేచి, ఒళ్ళు విరుచుకుని వచ్చి, నా పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంటాడు. మా పిల్లి బంతి ఇంట్లో ఏ మూల ఉన్నా అలికిడి లేకుండా వచ్చి కుర్చీ చేతి మీద ఎక్కి కూర్చుంటుంది. నేను సూదులు తీసుకుని, నిన్న ఎక్కడ ఆపానో చూసుకుని, కుట్లు లెక్కపెట్టడం మొదలుపెడతాను. ఇచి, ని, సన్, యొన్, గొ, రొకు. జపనీస్‌లో, పైకే లెక్కపెడతాను. వంద దాటేదాకా తెలుగులోకి రాను.

పగలు నా ఉద్యోగం కూడా లెక్కలే. ఎవరెవరి ఖాతాలో, ఎవరెవరి బిల్లులో. సాయంత్రానికి ఆ అంకెలతో తల బరువెక్కిపోతుంది. రాత్రి లెక్కపెట్టే అంకెలతో అదే తల తేలికపడుతుంది. ఎందుకా అని చాలాసార్లు ఆలోచించాను. ఈ అంకెలు వేళ్ళ కింద కదులుతాయి. ఒక్కో అంకెకీ ఒక్కో కుట్టు సూది మీద కూర్చుని ఉంటుంది, తడిమి చూసుకోవచ్చు. అందుకే అనుకుంటాను.

జపనీస్ నేర్చుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు. రెండేళ్ళ కిందట మా అక్క కూతురు ఒక జపనీస్ అల్లిక పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. "పిన్నీ, నాకైతే ఒక్క అక్షరం అర్థం కాలేదు. బొమ్మలు చూస్తే నువ్వే గుర్తొచ్చావు" అంది. అందులో ఒక లేత బూడిదరంగు స్వెటర్ ఉంది. ముందు భాగమంతా ఆకుల వరసలు, ఆకుకీ ఆకుకీ మధ్య చిన్నచిన్న కిటికీల్లాంటి ఖాళీలు. ఆ పేజీ తెరిచి అరగంట అలాగే కూర్చుండిపోయాను.

ఒక్క ముక్క చదవలేకపోయినా, అల్లడం మొదలుపెట్టగలిగాను. జపాన్‌లో అల్లిక గుర్తులకి కూడా ఒక పారిశ్రామిక ప్రమాణం ఉంది, దాని సంఖ్య జిస్ ఎల్ 0201. ఏ ప్రచురణకర్త వేసిన పుస్తకమైనా దాదాపు అవే గుర్తులు వాడతారు. అల్లికకి మూలమైన రెండు కుట్లలో, నిలువు గీత ఉంటే నిట్ కుట్టు, అడ్డగీత ఉంటే పర్ల్ కుట్టు. సున్నా చుడితే సూది మీద దారం ఒక చుట్టు వేసి కొత్త కన్నం చెయ్యాలి. నల్ల చుక్క ఉంటే కుట్టు మూసేయాలి. గుర్తు చూస్తే ఆ కుట్టు ఎదురుగా ఎలా కనిపిస్తుందో తెలిసిపోతుంది, అదే వాటి అందం. చార్టు కింద కుడి మూల నుంచి పైకి చదువుకుంటూ పోవాలి. నాకు ఇరవై ఏళ్ళ అల్లిక అలవాటు ఉంది కాబట్టి, ఆ పుస్తకంలోంచి మొదటి టోపీ ఒక్క మాట రాకుండానే అల్లేశాను.

స్వెటర్ దగ్గరికొచ్చేసరికి అలా కుదరలేదు. చంకభాగంలో కుట్లు తగ్గించే చోట పక్కన 2-1-3 అని, దాని కింద 2-2-1 అని, ఇలా అంకెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, మొదటి అంకె వరసలు, రెండోది కుట్లు, మూడోది ఎన్నిసార్లు అని. 2-1-3 అంటే రెండేసి వరసలకి ఒక్కో కుట్టు చొప్పున మూడుసార్లు తగ్గించాలి. హమ్మయ్య అనుకుని పై అంకెతో మొదలుపెట్టి దిగుతూ అల్లాను. చంక వంపు తిరగబడి వచ్చింది. ఆ అంకెల్ని కూడా కింది నుంచి పైకే చదవాలట, అల్లిక పెరిగే దిక్కులోనే. నాలుగు రాత్రుల పని విప్పేశాను. విప్పుతున్నప్పుడే అనుకున్నాను, ఇక ఈ భాష నేర్చుకోవాల్సిందేనని.

సూదుల కొలతలు కూడా వాళ్ళవి వేరు. సున్నా నంబరు సూది 2.1 మిల్లీమీటర్లు, అక్కణ్నుంచి నంబరుకి 0.3 చొప్పున పెరుగుతుంది. నా స్వెటర్‌కి కావాల్సిన ఆరో నంబరంటే 3.9. నా దగ్గరున్నది 4. ముందుగా పది సెంటీమీటర్ల చదరం ఒకటి అల్లి, ఉతికి, ఆరాక కుట్లు లెక్క చూసుకుంటే తేడా దాదాపు కనిపించలేదు. ఈ నమూనా చదరం అల్లడం చాలామందికి విసుగు. నాకు ఇష్టం. కొత్త మనిషితో మొదటిసారి మాట్లాడినట్టు ఉంటుంది, ఆ ఊలు ఎలాంటిదో అప్పుడే తెలుస్తుంది.

నేను నేర్చుకున్న మొదటి మాట "మె". కుట్టుకి వాళ్ళనే మాట అది. మె అంటే కన్ను కూడా. చేపల వలకి కన్ను అని మనమూ అంటాం కదా, నెమలి ఈకకీ కన్నే అంటాం. ఆ ఒక్క మాట తెలిశాక అల్లిక వైపు నా చూపే మారింది. సూది మీద వరసగా తొంభై కళ్ళు తెరుచుకుని నన్ను చూస్తున్నట్టు అనిపించింది. మిగతావన్నీ ఆ కంటి చుట్టూ అల్లుకున్న మాటలే. ఒమొతె అంటే ఎదురు వైపు, ఉర అంటే వెనక వైపు. నిట్ కుట్టు ఒమొతెమె, పర్ల్ కుట్టు ఉరమె. నిజానికి ఆ రెండూ ఒకే కుట్టు, ముందు నుంచి చూస్తే ఒకటి, వెనక నుంచి చూస్తే ఇంకొకటి. కొత్తగా అల్లిక నేర్చుకునేవాళ్ళకి ఈ సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి నేను పడ్డ తిప్పలన్నీ ఆ రెండు మాటల్లో ఇమిడిపోయాయి.

ఇంకొన్ని మాటలకైతే ఊరికే మురిసిపోయాను. సాదా అల్లికని మెరియసు అంటారు. మేజోళ్ళకి పోర్చుగీసు, స్పానిష్ వాళ్ళు వాడే మాట ఓడలెక్కి వచ్చి జపాన్‌లో అలా స్థిరపడిపోయింది. స్వెటర్ అంచుకి వేసే సాగే అల్లిక గొముఅమి. గొము అంటే రబ్బరు, అది డచ్చి వాళ్ళ మాట. ఒక నిట్, ఒక పర్ల్ మార్చిమార్చి వేస్తే గింజలు గింజలుగా వచ్చే అల్లిక పేరు కనొకొ, అంటే జింకపిల్ల. జింకపిల్ల వీపు మీది మచ్చలట. ఆ పేరు విన్న రోజు రాత్రి అవసరం లేకపోయినా ఒక చదరం కనొకొ అల్లి, దీపం కింద పెట్టి చూసుకున్నాను.

భీముడి సంగతి చెప్పాలి. వాడికి ఆరేళ్ళు, ముప్పై కిలోలు. కూర్చో అంటే కూర్చుంటాడు, ఆగు అంటే సగం సార్లు ఆగుతాడు. వాడికి జపనీస్‌లో నేర్పితే నాకు పలకడం అలవాటవుతుందని మొదలుపెట్టాను. కుక్కకి ఏదైనా నేర్పాలంటే మాట ప్రతిసారీ ఒకేలా పలకాలి, ఒక్కోసారి ఒక్కో రాగం తీస్తే దానికి అందదు. అలా వాడు నాకు మంచి మాస్టారయ్యాడు. ఒసువరి, కూర్చో. మతె, ఆగు. ఫుసె, పడుకో. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. మూడు వారాలకి మూడూ వచ్చేశాయి వాడికి.

ఒక రాత్రి స్వెటర్ భుజం దగ్గరికొచ్చాను. నల్ల చుక్కలున్న వరస, కుట్లు మూసేయాల్సిన చోటు. పక్కనున్న మాటని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను, "ఫు... సె... మె". గుమ్మం దగ్గర నిలబడి బయటికి చూస్తున్న భీముడు చటుక్కున ముందు కాళ్ళు చాపి బోర్లా పడుకున్నాడు. నేను పుస్తకంలోకి చూశాను, వాణ్ని చూశాను, మళ్ళీ పుస్తకంలోకి చూశాను. రెండూ ఒకే మాట! ఫుసె అంటే బోర్లా పడుకోవడం, బోర్లించడం. కుట్టు మూసేటప్పుడు మనం చేసేది కూడా అదే, ఒక కుట్టుని ఎత్తి పక్కదాని మీదుగా పడుకోబెడతాం. ఫుసెమె అంటే బోర్లించిన కుట్టు. పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా అంత గట్టిగా గుర్తుండేది కాదు. భుజం అంచు మూసేంతసేపూ వాడలాగే బోర్లా పడుకుని, తోక నేల మీద కొడుతూ నన్నే చూస్తున్నాడు.

అప్పటి నుంచి నాకో అభిప్రాయం గట్టిపడింది. భాష నేర్పే యాప్‌లన్నీ విమానాశ్రయం దారి ఎటు, ఈ గది అద్దె ఎంత అని మొదలుపెడతాయి. నేనైతే రోజూ చేతులు చేసే పనితో మొదలుపెట్టమంటాను. మనం రోజుకి రెండువందల సార్లు చేసే పనికి ఒక మాట తెలిస్తే, ఆ మాట రెండువందల సార్లు తలుచుకుంటాం. కంఠతా పట్టక్కర్లేదు. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల గుంపుల్ని తానే వల్లెవేసి, తన జ్ఞాపకాన్నే కొలుచుకుని ఒక పుస్తకం వేశాడు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి కొన్ని గంటల్లోనే జారిపోతుందని, ఆ తర్వాత జారడం నెమ్మదిస్తుందని ఆయన లెక్క. అల్లేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. సూది మీంచి జారిన కుట్టుని అప్పటికప్పుడు కొక్కెంతో అందుకుంటే ఒక్క వరసే పోతుంది. వదిలేస్తే నిచ్చెన మెట్లలా కిందిదాకా దిగిపోతుంది.

జపనీస్ స్థాయి పరీక్షలకి ఐదు మెట్లున్నాయి, ఎన్5 అన్నిటికన్నా తేలిక, ఎన్1 అన్నిటికన్నా కష్టం. నేను ఏ మెట్టు మీదా లేను, ఎక్కాలని కూడా లేదు. మాట్లాడితే అర్థం చేసుకోవడం నాకింకా బాగా కష్టం. కానీ చదవడంలో ఒక తలుపు తెరుచుకుంది, అది కాంజీ అక్షరాల్లో, అంటే జపనీస్ చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాల్లో, ఉండే దారం. అల్లడం అనే అక్షరానికి ఎడమ పక్కన దారం గుర్తు ఉంటుంది. ఒకసారి అది గుర్తుపట్టడం వచ్చాక, ఎక్కడ చూసినా దారమే. కాగితంలో దారం. బొమ్మలో దారం. సన్నం, ఆకుపచ్చ, ముడి, గీత, అన్నిట్లోనూ. కొనసాగడం అనే అక్షరంలో ఉంది, ముగియడం అనే అక్షరంలోనూ ఉంది. మాట ఇవ్వడం అనే అక్షరంలో కూడా ఉంది. పత్రికకి సంపాదకత్వం వహించడం అనే మాటలో మొదటి అక్షరం అల్లికే. వీటన్నిటినీ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ, దారం గుర్తు మాత్రం ఎర్ర పెన్నుతో దిద్దుతాను. పేజీ తిప్పితే ఒక ఎర్ర దారం పైనుంచి కిందికి నడిచినట్టుంటుంది.

కుక్క అక్షరంతో మాత్రం చాలా రోజులు తికమకపడ్డాను. పెద్ద అనే అక్షరానికి కుడి పక్కన పైన ఒక చుక్క పెడితే కుక్క. అదే చుక్క కింద పెడితే లావు. ఊలు చీటీల మీద దారం మందం రాస్తారు, మామూలు లావుకి నమిబుతొ, బాగా లావైతే గొకుబుతొ అని. ఆ బుతొ అనేచోట ఉండేది ఈ చుక్క కిందున్న అక్షరమే. వారం రోజులపాటు నాకు అది భీముడి జాతిలాగే కనిపించింది. ఇప్పుడు చుక్క ఎక్కడుందో చూడందే ముందుకి పోను.

లెక్కపెట్టడంలోనూ వాళ్ళకి ఒక్కో రకానికి ఒక్కో తోక ఉంది. సూదుల్లాంటి పొడుగువాటికి హొన్, ఊలు ఉండలకి తమ, మేజోళ్ళ జతకి సొకు, చిన్న జంతువులకి హికి. అది కూడా నిలకడగా ఉండదు, ఒకటైతే ఇప్పికి, రెండు నిహికి, మూడు సన్బికి. ముందు భయమేసింది. కానీ మనమూ మనుషులైతే ఇద్దరు, వస్తువులైతే రెండు అంటున్నాం కదా. వ్యాకరణం ప్రకారం మా ఇంట్లో ఉన్నవి రెండు జంతువులు. నేను మాత్రం బంతి, భీముడు ఇద్దరూ అనే అంటాను, అలాగే రాస్తాను. జపనీస్‌లో నిహికి.

మన తెలుగువాళ్ళకి ఈ భాషలో దక్కే పెద్ద లాభం వాక్యం అమరిక. క్రియ చివరికే వస్తుంది, విభక్తులు మాట వెనకే వస్తాయి. నేను అల్లిన టోపీ అనాలంటే ఆ వరసలోనే, వతషి గ అన్ద బోషి. ఇంకా లోతుకి వెళ్తే ఆశ్చర్యమేసింది. మనం అల్లి చూడు అంటాం. అక్కడ కళ్ళతో చూడడం కాదు, ప్రయత్నించడం. వాళ్ళూ అచ్చం అలాగే అంటారు, అన్దె మిరు. మిరు అంటే చూడడమే. సర్ది పెట్టు అంటే తర్వాత అవసరానికి ముందే చేసి ఉంచమని. వాళ్ళది కతజుకెతె ఒకు, ఒకు అంటే పెట్టడమే. చేసేశాను, పారేశాను అనేటప్పుడు మన క్రియ చివర తగిలించే "వేయు" ఉంది చూశారూ, ఒక పని తిరిగిరాకుండా పూర్తయిపోయిందనే అర్థంలో, ఒక్కోసారి అయ్యో అనే బాధతో? దానికి వాళ్ళది షిమౌ. ఏదైనా చేజారితే షిమత్త అని ఒక్క మాటే అంటారు కూడా. ఈ చివరిదాన్ని నేను నేర్చుకున్న వారం మర్చిపోలేను.

అప్పట్లో మాటల కార్డులు రాసుకునేదాన్ని. చిన్న అట్టముక్కలు, ఒకవైపు జపనీస్, రెండోవైపు తెలుగు. మూలన కన్నం పొడిచి, పదేసి కార్డులు ఒక ఊలు పోగుకి గుచ్చి దండలా కట్టేదాన్ని. ఆ వారం ఏది అల్లుతుంటే ఆ ఊలే. రంగు చూస్తే ఆ మాటలు ఎప్పుడు నేర్చుకున్నానో గుర్తొచ్చేది. దండలన్నీ పుస్తకాల అర అంచున వేలాడుతుండేవి. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి.

ఒక శనివారం పొద్దున బంతి తిండి ముట్టలేదు. రెండుసార్లు వాంతి చేసుకుంది. మంచం కిందికి దూరి, ముందు కాలితో నోరు గీరుకుంటోంది. అర కింద నేల మీద కార్డులు చెల్లాచెదురుగా పడున్నాయి, వాటిని గుచ్చిన ఆకుపచ్చ పోగు లేదు. బంతి నోరు తెరిచి చూస్తే నాలుక కింద, మొదట్లో, ఆ ఆకుపచ్చ చుట్టుకుని ఉంది. ఒక కొస బయటికి కనిపిస్తోంది. నా వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి కూడా. మా ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "లాగకు, లాగకు, డాక్టర్ లాగొద్దంటున్నారు" అని అరిచారు.

ఎందుకు లాగకూడదో తర్వాత డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. దారం ఒక కొస నాలుకకి చుట్టుకుని ఆగిపోతుంది, రెండో కొస పేగుల్లోకి దిగుతుంది. పేగులు దాన్ని ముందుకి తోయాలని చూస్తాయి. అది కదలదు. దాంతో పేగులే దారం మీదికి ముడతలు ముడతలుగా ఎక్కిపోతాయి, నాడా లాగితే గుడ్డ ముడుచుకున్నట్టు. అప్పుడు లాగితే దారం రంపంలా పేగు గోడని కోసేస్తుంది. వెనక నుంచి దారం వేలాడినా అంతే, ముట్టుకోకూడదు, వెంటనే తీసుకెళ్ళాలి. పిల్లి నాలుక మీద ముళ్ళు గొంతు వైపుకి వంగి ఉంటాయి కాబట్టి, ఒకసారి నోట్లోకి వెళ్ళిన పోగుని అది ఉమ్మేయడం కూడా కష్టం, మింగుతూనే పోతుంది.

ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశారు. బయట బెంచీ మీద కూర్చున్న రెండు గంటలూ నా తలలో ఒకటే వాక్యం తిరిగింది, నొమికొన్దె షిమత్త. మింగేసింది. ఆ వాక్యం ఎవరూ నేర్పలేదు, రెండు రోజుల కిందట నేర్చుకున్న ముక్కలు వాటంతటవే వచ్చి అతుక్కున్నాయి. కొత్త భాషలో నాకు నిజంగా పుట్టిన మొదటి వాక్యం అదే.

బంతి బతికింది. పొట్ట మీద బొచ్చు గీసేసి, తొమ్మిది కుట్లు వేశారు. కుట్లు! తెలుగులో నా స్వెటర్ మీదున్నవీ, దాని పొట్ట మీదున్నవీ ఒకే మాట. నాకా రోజు ఆ మాట పలకాలంటే నోరు రాలేదు.

ఇంటికొచ్చాక పన్నెండు రోజులు మెడకి ప్లాస్టిక్ గరాటా కట్టుకుని, నా ఒళ్ళో తప్ప ఎక్కడా పడుకోలేదు. అప్పుడు తెలిసిన మాట యసుమిమె. అల్లిక మధ్యలో కొన్ని కుట్లని వేరే పిన్ను మీదికి మార్చి పక్కన పెడతాం కదా, మిగతా భాగం అయ్యాక మళ్ళీ అందుకోవడానికి. వాళ్ళు వాటిని యసుమిమె అంటారు. విశ్రాంతి తీసుకుంటున్న కుట్లు. స్వెటర్ మొత్తాన్ని అలా విశ్రాంతిలో పెట్టేశాను. పన్నెండు రోజుల పాటు ఒక చెయ్యి బంతి వీపు మీద, రెండో చేతిలో కార్డులు. దాని గురగురకి జపనీస్‌లో గొరొగొరొ అంటారు. మెత్తగా బూరులా ఉండేదానికి ఫువఫువ. కొత్త ఊలు మెడకి గుచ్చుకుంటే చికుచికు. పిల్లి ముందు కాళ్ళతో ఊలు దుప్పటిని ఒకదాని తర్వాత ఒకటిగా తొక్కుతుంది చూడండి, దానికి ఫుమిఫుమి. గలగల, తళతళ అంటూ పెరిగినవాళ్ళం, మనకి ఈ మాటలు చెవిలో పడగానే అర్థమైపోతాయి. కుట్లు తీసిన రోజు సాయంత్రం బంతి మళ్ళీ ఫుమిఫుమి మొదలుపెట్టింది. నేను ఏడ్చేశాను.

ఇప్పుడు మా ఇంట్లో వేలాడే దారం ఒక్కటి కూడా లేదు. ఊలు ఎప్పుడూ మూత ఉన్న డబ్బాలోనే ఉంటుంది, మూతకి చేసిన చిన్న కన్నంలోంచి పోగు బయటికొస్తుంది. కత్తిరించిన ముక్క ఎంత చిన్నదైనా కింద పడకముందే మరమూత సీసాలో వేస్తాను. లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళినా సరే, ముందు అన్నీ లోపల పెట్టి మూత వేస్తాను. కతజుకెతె ఒకు. కార్డులకి కన్నాలు పొడవడం మానేసి, మూలన ఆ వారం ఊలు రంగుని పెన్సిల్‌తో నింపుతున్నాను. పిల్లి ఊలు ఉండతో ఆడుకునే బొమ్మలు ఎక్కడ చూసినా నాకు గుండె జల్లుమంటుంది. మీ ఇంట్లో పిల్లి ఉండి, మీరు అల్లేవాళ్ళయితే దయచేసి ఈ రాత్రే ఒక మూత ఉన్న డబ్బా వెతుక్కోండి. ఆ ఆకుపచ్చ దండలో ఉన్న పది మాటలూ నాకు కంఠతా వచ్చు. మదొ, కిటికీ. కగి, తాళంచెవి. అమె, వాన.

బంతి నాకు దొరికింది కూడా వానలోనే, నాలుగేళ్ళ కిందట. మెట్ల కింద అరచేతిలో పట్టేంత పిల్ల, బంతిలా ముడుచుకుని ఉంది. సంచిలో సగం అల్లిన మఫ్లర్ ఉంటే అందులో చుట్టుకుని తీసుకొచ్చాను. మా ఆయన తలుపు తీస్తూనే, "దీన్నెక్కణ్నుంచి ఏరుకొచ్చావు?" అన్నారు.

పోయిన వారం స్వెటర్ ముందు భాగం, వెనక భాగం కలిపాను. చేతులు అతికాను. మిగిలింది మెడపట్టీ. మెడ వంపు పొడవునా, ఎప్పుడో మూసేసిన అంచులోంచి కొత్త కుట్లు సూది మీదికి ఎత్తుకోవాలి. ఆ పేజీలో దానికి రాసిన మాట హిరొయిమె. నిఘంటువు తీశాను. కింద పడున్నదాన్ని ఏరుకోవడం అని ఉంది. ఆ కిందే ఒక ఉదాహరణ, హిరొత్త నెకొ. ఏరుకొచ్చిన పిల్లి. ఆ పేజీ మా ఆయనకి చూపించాను. ఏమీ అనకుండా బంతి తల నిమిరారు.

చార్టు ప్రకారం మెడ చుట్టూ 96 కుట్లు ఏరుకోవాలి. రాత్రి మొదలుపెట్టాను. దీపం కొంచెం దగ్గరికి జరుపుకుని, అంచులో ఒక్కో కన్నూ వెతుక్కుంటూ, సూది మొన దూర్చి పోగు బయటికి లాగుతూ. బంతి పొట్ట మీద బొచ్చు ఎప్పుడో పెరిగిపోయింది, వేలు పెట్టి వెతికితే గానీ గీత తగలదు. రొకుజూ, రొకుజూఇచి, రొకుజూని. అరవై రెండు దగ్గర కుర్చీ చేతి మీంచి దిగి, నా ఒళ్ళో రెండు చుట్లు తిరిగి, ముడుచుకుని పడుకుంది. సూది కొసలకి టోపీలు తొడిగి, స్వెటర్‌ని డబ్బాలో సర్ది పెట్టి, మూత వేశాను. మిగతా 34 రేపు.